పొడిబట్టలో పన్ను

నాకు కోపం ఎక్కువ. ఈ సంగతి నేనే ముందు చెప్పేస్తే మంచిది, తరవాత మీరెలాగూ అంటారు. రాజాం చుట్టుపక్కల పాతికూళ్ళలో తిరుమలరావు సన్నాయి తెలియని పెళ్ళివారు లేరు, తిరుమలరావు నోరు తెలియని డోలువాళ్ళూ లేరు. తాళం కాస్త జారిందా, పీటల మీద పెళ్ళికొడుకు ఉన్నాడని కూడా చూడను, అక్కడే కడిగేస్తాను. 'నీ సన్నాయికి ఏడు కన్నాలున్నాయి, నీ నోటికి మూతే నేదు' అంటుంది మా ఆవిడ ఈశ్వరి.

మా తాతా, మా నాన్నా మా ఊరి వేణుగోపాలస్వామి గుడిలో సన్నాయి వాయించారు. వాళ్ళ తరవాత నేను. నాకు మగపిల్లలు లేరు. ఒక్కతే కూతురు, చరిత. 'ఆడపిల్లకి సన్నాయేటిరా' అని మా వాళ్ళు నవ్వితే, ఆ నవ్వు మీద పంతం కొద్దీ దాని ఆరో ఏటనే చేతికి సన్నాయి ఇచ్చాను. పంతంతో మొదలుపెట్టానే గానీ, పదేళ్ళు నిండేసరికి అది మోహన ఆలాపన చేస్తుంటే గుడి పూజారి హారతి పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడిపోయేవాడు. నా కడుపు నిండిపోయేది.

దానికి ఇంకో పిచ్చి కూడా ఉంది. కబడ్డీ. సన్నాయి పట్టిన ఊపిరి కదా, కూతకి వెళితే అవతలి జట్టు అలసిపోవాలే గానీ దాని కూత ఆగేది కాదు. ఈశ్వరికి ఆ ఆటంటే పడదు. నాకు మాత్రం లోపల గర్వమే. 'అది నా కూతురు ఊపిరి' అని టీ కొట్టు దగ్గర చెప్పుకునేవాణ్ణి.

అది తొమ్మిదో తరగతిలో ఉండగా బడికి కొత్తగా డ్రిల్లు మాస్టారు వచ్చాడు. మోహనకృష్ణ అని, పాతికేళ్ళ కుర్రాడు. ఒకరోజు మా ఇంటికొచ్చి, అరుగు మీద కూర్చుని మెల్లగా కదిపాడు.

"మాస్టారూ, జిల్లా జట్టు సెలక్షన్లు వస్తన్నాయి. చరితకి పళ్ళ గార్డు చేయించండి. రాజాంలో పళ్ళ డాక్టరమ్మ అచ్చు తీసి ఇస్తారు. నోటికి సరిపోతాది, కూత కూడా పెట్టుకోవచ్చు."

"నోట్లో రబ్బరు ముక్క కుక్కుకుని కూతేటి పెడతాదయ్యా?" అన్నాను. "ఆ రబ్బరు నొక్కుకుని పెదాలు మొద్దుబారితే సన్నాయేటి పడతాది?"

"ముందు పన్ను పోతే సన్నాయి అసలే పట్టలేదు కదండీ."

అంతే, నాకు ఎక్కడో కాలింది. పెదాల గురించి, పళ్ళ గురించి మూడు తరాల సన్నాయి వాళ్ళకి నిన్న గాక మొన్న ఈల మెళ్ళో వేసుకున్నవాడు చెబుతాడా! "నీ ఈల నువ్వూదుకో, నా సన్నాయి నన్నూదుకోనియ్యి" అన్నాను. పాపం, కాఫీ కూడా పూర్తిగా తాగకుండా వెళ్ళిపోయాడు. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు, ఏం చేస్తాం.

సెలక్షన్లు మా బడి మైదానంలోనే జరిగాయి. ఆ రోజు రాజాంలో పగటి ముహూర్తం పెళ్ళి వాయించి, సంచీ భుజాన వేసుకుని నేరుగా మైదానానికి వచ్చాను. ఇంకో నెలలో స్వామి కల్యాణం. ఆ కల్యాణానికి చరిత చేత మొదటిసారి వాయించాలని గుడివాళ్ళతో మాట్లాడేసి ఉన్నాను కూడా. ఆ సంగతి దానికి చెప్పి, దాని మొహం చూడాలని నా ఆరాటం.

చరిత కూతకి వెళ్ళింది. ఒకర్ని ముట్టింది, ఇద్దర్ని ముట్టింది. వెనక్కి తిరిగే లోపల ఒక పిల్ల వంగి దీని కాలు పట్టుకుంది. ఇది లాగింది. ఆ పిల్ల తల ఒక్కసారిగా పైకి లేచి దీని మూతికి తగిలింది. ఠప్పుమన్న చప్పుడు నాకు గట్టు మీదకి వినబడింది.

నేను వెళ్ళేసరికి చరిత మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. వేళ్ళ సందుల్లోంచి రక్తం. చేతులు తీసి చూస్తే పైవరస ముందు పన్ను ఒకటి లేదు. ఏడవలేదు. నన్ను చూసి ఒకే ఒక్క మాట అంది.

"నాన్నా, సన్నాయి పలుకుతాదా?"

"పలుకుతాదమ్మా, నానున్నాను" అన్నాను.

పన్ను నాకే దొరికింది. వేరుతో సహా నిండుగా ఊడొచ్చింది. వేరుకి ఎర్రగా పీచులాగా ఏదో వేలాడుతోంది, దానికి మట్టి.

మోహనకృష్ణ పరిగెత్తుకొచ్చాడు. "మాస్టారూ, ఇలా ఇవ్వండి. నీళ్ళలో ఒక్కసారి ముంచి ఉన్నచోటే పెట్టేద్దాం!"

"మట్టి పన్ను పిల్ల నోట్లో పెడతావేటిరా?" అని వాడి చెయ్యి తోసేశాను.

"పోనీ పాలలో వేద్దాం. ఉండండి, తెస్తాను" అని గేటు బయట టీ కొట్టు వైపు పరిగెత్తాడు.

రక్తం కారుతుంటే పాలేమిటి, వీడికి మతి పోయిందా అనుకున్నాను. నాకు తెలిసిన జాగ్రత్త నాకుంది. మా పనిలో సన్నాయి కంటే పీక ముఖ్యం. పెదాల మధ్య పెట్టుకునే రెల్లు ముక్కని పీకంటాం. సన్నాయి పలకాలంటే ఆ పీక శుభ్రంగా ఉండాలి. పీచు కనిపిస్తే చిన్న చాకుతో సుతారంగా గీకాలి, తడి లేకుండా తుడవాలి, పొడిబట్టలో చుట్టి డబ్బాలో పెట్టాలి. తడిగా వదిలేస్తే బూజు పట్టి చస్తుంది. నలభై ఏళ్ళుగా నా చేతులకి వచ్చిన విద్య అది.

జెండా దిమ్మ మీద కూర్చుని సంచీలోంచి చాకు తీశాను. వేరుకి ఉన్న పీచంతా గీకేశాను. ఎంత ఓపిగ్గా గీకానో! చెయ్యి వణక్కుండా, పన్నుకి గీత పడకుండా. సీసాలో నీళ్ళు పోసి రుద్ది కడిగాను, పంచె కొంగుతో తుడిచాను, తెల్లగా మెరిసేదాకా తుడిచాను. కొత్త పొడిబట్టలో చుట్టి పీకల డబ్బాలో పెట్టాను. ఆ డబ్బా మూత వేసినప్పుడు నా బిడ్డ పన్ను భద్రంగా ఉందని నాకు ధైర్యం కూడా వచ్చింది.

మోహనకృష్ణ గ్లాసుతో పాలు పట్టుకుని వచ్చాడు. నా చేతిలో చాకు చూశాడు. దిమ్మ మీద పడిన ఎర్రటి పీచు చూశాడు. మొహంలో రంగు పోయింది. "మాస్టారూ..." అన్నాడు.

రాజాంకి పన్నెండు కిలోమీటర్లు. ఆటో దొరికేసరికి కొంత, డాక్టరమ్మ భోజనానికి వెళ్ళి వచ్చేసరికి కొంత, గంటన్నర దాటిపోయింది. డాక్టరమ్మ పేరు జ్ఞానాంబ. పెద్దావిడ, నెమ్మది మనిషి. చరితని కుర్చీలో పడుకోబెట్టి, రక్తం ఆపి, నా వైపు తిరిగింది.

"పన్ను తెచ్చారా?"

"తెచ్చేనండి. శుభ్రంగా తెచ్చేను."

డబ్బా మూత తీసి, బట్ట విప్పి చూపించాను. నిజం చెబుతున్నాను, ఆవిడ మెచ్చుకుంటుందనుకున్నాను. ఆవిడ పన్నుని వెలుగులో పెట్టి అటూ ఇటూ తిప్పింది. కళ్ళద్దాలు తీసి మళ్ళీ పెట్టుకుంది.

"వేరు ఎవరు గీకారండీ?" అంది మెల్లగా.

నన్ను పక్క గదిలోకి తీసుకువెళ్ళి చెప్పింది. ఆ పీచులాంటి పొరే పన్నుకి ప్రాణమట. ఊడిన పన్ను తెల్లవైపు పట్టుకోవాలట, గీకకూడదట, రుద్దకూడదట. వెంటనే ఉన్నచోట పెట్టేస్తే సరి, లేదంటే పాలలో వేసి అరగంటలో తెస్తే చాలామందికి నిలుస్తుందట. ఎండబెడితే ఆ పొర చచ్చిపోతుందట. నేను గీకడమూ అయింది, ఎండబెట్టడమూ అయింది. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు, ఆ మందేసినవాణ్ణి నేనే.

"ఇప్పుడు పెట్టి తీగ కడతాను. అతుక్కున్నట్టే ఉంటుంది. కానీ ఒళ్ళు దాన్ని లోపల్నుంచి కొంచెం కొంచెంగా తినేస్తుంది. ఏడాదో, రెండేళ్ళో, అదృష్టం ఉంటే ఇంకొన్నాళ్ళో. ఎదిగే పిల్ల కాబట్టి గట్టి పన్ను ఇప్పుడే కట్టలేం. ఆరు నెలలు సన్నాయి పట్టించకండి" అంది. తరవాత నా మొహం చూసి, "పాపకి నేను చెప్పనా, మీరు చెబుతారా?" అని అడిగింది.

"నానే సెప్తానండి" అన్నాను.

చెప్పలేదు.

ఆ మర్నాడే చెప్పాల్సింది. కానీ ఆ మర్నాడు ఈశ్వరి బడి మీదకి వెళ్ళింది. వెనకాల నేనూ వెళ్ళాను. పిల్లలందరూ చూస్తుండగా ఆ కుర్రాణ్ణి పట్టుకుని దులిపేసింది.

"నీ ఆట మండిపోనూ! బంగారం నాంటి ఆడగుంట మూతి పగలగొట్టేవు కదరా! నీకు పిల్లలుంటే తెలిసీది! దాని సన్నాయి పోతే నువ్విస్తావా, నీ అబ్బిస్తాడా?"

మోహనకృష్ణ తల వంచుకుని నిలబడ్డాడు. ఒక్కసారి తల ఎత్తి నా వైపు చూశాడు. 'మీరు చెబుతారా' అన్నట్టే ఉంది ఆ చూపు. నేను చెప్పుల వైపు చూసుకున్నాను. ఊరందరి మీదా ఎగిరిపడే నా నోరు ఆ పూట తెరుచుకోలేదు. "తప్పయిపోయిందమ్మా" అన్నాడు ఆ కుర్రాడు. ఏం తప్పు చేశాడని! వారం తిరక్కుండా మిగతా తల్లిదండ్రులు కూడా ఆడపిల్లల్ని ఆట మాన్పించేశారు. ఏడాది చివర అతను సముద్రం ఒడ్డున ఉన్న భావనపాడు వైపు బదిలీ చేయించుకుని వెళ్ళిపోయాడు. వెళ్ళేటప్పుడు కూడా నా సంగతి ఎవరికీ చెప్పలేదు.

చరిత మాత్రం తప్పంతా తన మీదే వేసుకుంది. జట్టు బట్టలు మడిచి ఎవరికో ఇచ్చేసింది. ఆ ఏడు కల్యాణానికి నేనొక్కణ్ణే వాయించాను. అది స్తంభం పక్కన కూర్చుని, తీగ కట్టిన మూతికి పమిట అడ్డం పెట్టుకుని వింది. ఆరు నెలల తరవాత మళ్ళీ సన్నాయి పట్టుకున్న రోజున, వాయించే ముందు దానికి దణ్ణం పెట్టి, ఏదో గొణుక్కుంది.

"ఏటి సెప్పుకున్నావమ్మా?" అని అడిగాను.

"ఇంక నిన్ను ఒగ్గేసి ఆటకెళ్ళనని సెప్పేను నాన్నా. అమ్మ ఒద్దంటే ఇన్నేను కాదు. నా బుద్ధి గడ్డి తిన్నాది."

ఆ క్షణాన నా నోట్లో మాట వచ్చి ఆగింది. ఇప్పుడు చెబితే పిల్ల మళ్ళీ సన్నాయి కింద పెట్టేస్తుందేమో, పాఠం కుదుటపడ్డాక చెబుదాంలే అనుకున్నాను. తరవాత పరీక్షలన్నాను. తరవాత ఎందుకులే, అది మర్చిపోయింది కదా అన్నాను. అది మర్చిపోలేదు. రోజూ సాధన ముందు ఆ దణ్ణం పెడుతూనే ఉంది. రోజూ ఎదురుగా కూర్చుని చూస్తూనే ఉన్నాను. మనసు పీకుతున్నా సరే, శ్రుతి పట్టమ్మా అనేవాణ్ణి.

రెండేళ్ళు గడిచాయి. చరిత ఇంటరుకి వచ్చింది. పన్ను మెల్లగా బూడిద రంగు తిరిగింది. నవ్వితే చెయ్యి అడ్డం పెట్టుకోవడం నేర్చుకుంది. కానీ సన్నాయి మాత్రం, అబ్బా, ఏం పలికిందని! ఈసారి కల్యాణానికి అదే వాయించాలని గుడివాళ్ళే వచ్చి అడిగారు.

కల్యాణానికి పది రోజులుంది. పొద్దున సాధనలో కూర్చున్నాం. పై షడ్జమం అందుకోబోతూ టక్కున ఆపేసింది. నోటికి చెయ్యి పెట్టి, అరచేతిలోకి చూసుకుంది. పన్ను. వేరు దాదాపు లేదు, ఉన్న కాస్త ముక్కా చెదలు తిన్నట్టు గరుకుగా ఉంది.

నేను లేచే లోపలే వంటింట్లోకి పరిగెత్తింది. గిన్నెలు కదిలిన చప్పుడు. గ్లాసుతో పాలు పట్టుకుని వచ్చింది, అడుగున పన్ను.

"నాన్నా, బేగి బండి తియ్యి! పాలల్లో ఏసేను. తెల్లవైపే పట్టుకున్నాను. ఫోనులో సదివేను, అరగంటలోపల అయితే బతుకుతాదంట. ఇంకా ఐదు నిమిషాలు కూడా అవ్వనేదు. లే నాన్నా!"

దాని మొహంలో ఎంత ఆశ ఉందో నేను చెప్పలేను. చచ్చి రెండేళ్ళయిన దాన్ని పాలలో వేసి తెచ్చింది నా తల్లి. నేను చాప మీంచి లేవలేదు.

"అది బతకదమ్మా" అన్నాను. "ఆ రోజే సచ్చిపోయింది. నానే సంపేసేను."

అంతా చెప్పేశాను. చాకు, పీచు, పొడిబట్ట, డాక్టరమ్మ అడిగిన మాట, నేను ఇచ్చిన మాట. మోహనకృష్ణ పాలు తెచ్చిన సంగతీ చెప్పాను. ఈశ్వరి గుమ్మంలో నిలబడి వింది. ముందు ఆవిడే నోరు తెరిచింది.

"ఆ పిల్లడ్ని నాను అన్ని తిట్లు తిడతంటే పక్కనే నిలబడ్డావే! నీది మనిషి జన్మేనేటయ్యా?"

చరిత గ్లాసు కింద పెట్టింది. తిడుతుందని చూశాను. తిట్టినా బాగుండేది.

"గీకితే పోతాదని నీకు తెల్దు కదా నాన్నా," అంది చివరికి. "బాగుండాలనే గీకేవు. దానికి నాకు కోపం నేదు."

నా ప్రాణం లేచి వచ్చింది. చెయ్యి పట్టుకోబోయాను. అది వెనక్కి జరిగింది.

"మరి ఈ రెండేళ్ళూ? నా వల్లే పోయిందని రోజూ ఏడిసేను. రోజూ దానికి తప్పయిపోయిందని దణ్ణం ఎట్టేను. నువ్వు ఎదురుగా కూకుని సూసేవు. సూసి, శ్రుతి పట్టమన్నావు."

నేను ఆ పాల గ్లాసు తీసుకుని పెరట్లోకి వెళ్ళిపోయాను.

సాయంత్రం మోహనకృష్ణకి ఫోను చేశాను. అవతల అలల చప్పుడు వినబడుతోంది. నేను చెప్పుకున్నదంతా విని, "నాకు తెలుసు కదండీ మాస్టారూ" అన్నాడు. "అమ్మాయి ఇంకా ఆడతందా?" అని అడిగాడు. లేదన్నాను. ఉంటానండి అని పెట్టేశాడు.

మూడో రోజున చరితని డాక్టరమ్మ దగ్గరికి తీసుకువెళ్ళాను. బస్సులో నా పక్క సీటు ఖాళీగా ఉన్నా వెనక్కి వెళ్ళి కూర్చుంది. డాక్టరమ్మ అచ్చు తీసి, తీసి పెట్టుకునే కట్టుడు పన్ను నాలుగు రోజుల్లో చేసి ఇచ్చింది. ఎదుగుదల ఆగాక గట్టిది కడతానంది. మళ్ళీ వెళ్ళినప్పుడు ఆ పన్ను పెట్టి, అద్దం చూపించి, పెదవి మీద వేలితో నొక్కి చూసింది.

"బాగా కూర్చుంది. కొన్నాళ్ళు అలవాటు చేసుకోవాలి, అంతే. సన్నాయి హాయిగా వాయించుకోవచ్చు" అంది నవ్వుతూ.

నేను సిగ్గులేని మనిషిని. ఆ మాట వినగానే నా మనసు కల్యాణానికి మిగిలిన రోజులు లెక్కపెట్టేసింది.

"నేను సన్నాయి మానేసేనండి" అంది చరిత.

డాక్టరమ్మ నవ్వు ఆగింది. "అదేమిటమ్మా? దాని కోసమే కదా ఇంత తపన పడ్డావు. ఎందుకు మానేశావు?"

చరిత నా వైపు చూసింది. చెప్పేస్తుందనుకున్నాను, చెప్పాలనే కోరుకున్నాను. వేరు గీకిన సంగతి ఆవిడకి ఎలాగూ తెలుసు, రెండేళ్ళు నేను దాచిన సంగతే తెలియదు.

"మా నాన్న వాయించమనే అన్నారండి. నాకే ఇష్టం నేదు" అంది. "తప్పు నాదే."

డాక్టరమ్మకి సంగతి అర్థమైపోయినట్టుంది, నా మొహం చూడలేక చేతులు కడుక్కోడానికి వెళ్ళింది. ఎప్పుడూ ఎవరికీ తగ్గని నేను ఆ గదిలో గోడకి చేరబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చాను. చరిత అద్దం బల్ల మీద పెట్టి, సంచీ తీసుకుని, "పద నాన్నా, బస్సు ఎలిపోతాది" అంది.